గొంతు దాచుకున్నాయన

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే భీమయ్య వచ్చాడు. నేను నల్లగొండకు బదిలీ అయ్యాక అతను మా ఇంటికి రావడం అదే మొదలు. ఆలంపూరు వైపు నుంచి నల్లగొండ చేరాలంటే బస్సులు మారీ మారీ ప్రాణం విసుగెత్తుతుంది. అంత దూరం వచ్చినవాడు కుర్చీ చూపించినా కూర్చోకుండా గడప దగ్గరే నిలబడి, "పరాకాయన పోయిండు సార్" అన్నాడు.

నాకు ఆ ముసలాయన మీద చాలా కోపం ఉంది. ఊరు మారినా, ఉద్యోగంలో పెద్దవాణ్ణయినా ఆ కోపం తగ్గలేదు. అయినా ఆ మాట వినగానే లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. భీమయ్య చూడకూడదని.

ఆయనకు పేరు లేక కాదు. ఉంది. ఆ ఊళ్ళో ఎవరూ ఆయన్ను ఆ పేరుతో పిలవగా నేను వినలేదు, అందుకని నేనూ రాయను. రాజు ముందు నిలబడి బిరుదులన్నీ చదివి చివర "పరాక్" అని కేకవేయడం ఆయన ఇంటి పని. తండ్రి చేశాడు, తాత చేశాడు, ఆయనా చేశాడు. కోటలో వాళ్ళకు రాజరికం ఎలా వచ్చిందో ఈయనకు ఆ కేక అలా వచ్చింది. అందుకే పరాకాయన.

జాగీర్లు రద్దయిన కొన్నాళ్ళకు నన్ను తుంగభద్ర దగ్గరి ఒక చిన్న సంస్థానం ఊళ్ళో మిడిల్ స్కూలుకు వేశారు, చరిత్ర చెప్పమని. మాది రామన్నపేట దగ్గరి పల్లె. ఆ రోజుల్లో మా వైపు దొర అన్న మాట వింటేనే జనానికి ఒళ్ళు మండేది. నాకు మరికాస్త ఎక్కువ మండేది. అలాంటివాడికి అద్దెకు దొరికిన గది ఎక్కడయ్యా అంటే, దొరల వంశావళి నోటికి చెప్పే భట్రాజు ఇంటి పక్కన. నా రాత అలా ఉంది.

మొదటి రోజు పొద్దున్నే పక్క పెరట్లోంచి పెద్ద కేకలు వినిపించాయి. ఎవరో తగాదా పడుతున్నారనుకుని గోడమీంచి తొంగి చూశాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, మెడ చుట్టూ తువ్వాల చుట్టుకుని, ఎడమచెయ్యి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని చచ్చిపోయిన రాజులను ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. అంత బక్క మనిషిలోంచి అంత గొంతు ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు. పిలవడం అయ్యాక కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఇనవడ్డదా పంతులూ?" అని అడిగాడు. నది అవతలి ఒడ్డుకు కూడా వినబడి ఉంటుందన్నాను. దాన్ని ఆయన మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఆ కుటుంబం చరిత్రంతా ఆయన నోట్లోనే ఉండేది. మూలపురుషుడు ఏటి రేవుకు కాపలా ఉండేవాడట. వరద రోజుల్లో ఏ రాజుగారి సైన్యాన్నో ఇవతలికి దాటించాడట. దానికి మెచ్చి రేవు చుట్టుపట్ల ఊళ్ళూ, రేవుగండ అనే బిరుదూ ఇచ్చారు. నాలుగో తరంవాడు పట్టపగలు ముందు రెండు దివిటీలు వెలిగించుకుని ఊరేగే హక్కు తెచ్చుకున్నాడు. పగటి దివిటీ అన్నది కూడా బిరుదుల్లో ఒకటి. మిట్టమధ్యాహ్నం దివిటీ ఎందుకని నేను అడిగితే ఆయన నన్ను జాలిగా చూశాడు.

"చీకట్ల దివిటీ ఎవడన్న పట్టిచ్చుకుంటడు పంతులూ. అది అక్కర. వెలుతుర్ల పట్టిచ్చుకునేదే గౌరవం."

నిజాం కాలంలో వచ్చింది సవాయి. అంటే ఒకటింపావు. లోకంలో మనిషన్నవాడు ఒకడే, తమ రాజు మాత్రం ఒకటింపావు అని ఆయన వివరించాడు. ఆ పావు మనిషి ఎక్కడుంటాడు, చూపించమని నేను వెక్కిరించాను. ఆయనకు కోపం రాలేదు.

"ఆ పావు నేనే పంతులూ. నేను చెప్పకపోతే రాజు గూడ ఒక్కడే."

ఈ మాట నాకు చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు. రాజుల గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఇంత సూటిగా రాసి లేదు.

వంశం చెప్పేటప్పుడు ఒక చోట ఆయన గొంతు కొంచెం దిగేది. ఆ వంశంలో మూడుసార్లు కన్నకొడుకులు లేక దత్తత తెచ్చుకున్నారు. అక్కడికి వచ్చేసరికి "ఆ రాజావారికి ఔరసులు లేక" అని చెప్పి, ఒక్క ఊపిరి పీల్చుకుని, దత్తత వచ్చినవాడి పేరు అందుకునేవాడు. ఔరసుడంటే కన్నకొడుకు. ఆ మాట చెప్పకుండా దత్తుడి పేరు చెప్పడానికి వీల్లేదు. అలా చెబితే వంశం చెల్లదట. అంటే రక్తం మూడుసార్లు మారినా బిరుదులు మాత్రం చెక్కుచెదరకుండా దిగి వచ్చాయి. నేను నవ్వితే, "నవ్వకు. తలపాగ ఎవనికి చుట్టిండ్రో వాడే రాజు" అనేవాడు.

తన వంశావళిలో లేని సంగతి ఏది అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు. బస్సు వచ్చిందా అంటే "నా దాంట్ల లేదు." ఈ ఏడు వానలు ఎలా ఉంటాయంటే "నా దాంట్ల లేదు." ఒకసారి ఆయన భార్య, అప్పటికింకా బతికే ఉంది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగితే కూడా అదే అన్నాడు. ఆవిడ గరిటె తీసుకుని బయటికి వచ్చింది. ఏడో తరం రాజు గురించి మాత్రం నిన్నగాక మొన్న పోయినట్టు మాట్లాడేవాడు. "ఆయనకు మామిడిపండు పడేది గాదు, పాపం" అనేవాడు.

గొంతును మాత్రం పసిబిడ్డలా చూసుకునేవాడు. దవడలో ఎప్పుడూ పటికబెల్లం ముక్క. మే నెల ఎండలో కూడా మెడకు తువ్వాల. పుల్లటిది ముట్టేవాడు కాదు. చింతపండు లేకుండా వండీ వండీ నా నాలుక చచ్చిపోయిందని ఆయన భార్య మా గోడ దగ్గర నిలబడి చెప్పుకునేది.

ఇక భీమయ్య. అతను మా బడిలో డ్రిల్లు మాస్టారు, నా ఈడువాడు. అతని తల్లి మల్లమ్మ కోటలో ఆడబాప. ఈ మాట ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. రాజుల ఇళ్ళలో పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు నగలతో, పశువులతో పాటు సేవ చేయడానికి కొందరు ఆడపిల్లలను కూడా అరణంగా ఇచ్చేవారు. అలా వచ్చిన పిల్ల రాణిగారి పని చేయాలి. రాజుగారి కన్ను పడితే కాదనడానికి లేదు. పుట్టిన బిడ్డకు తిండీ బట్టా కోటలోనే దొరుకుతాయి, తండ్రి మాత్రం ఉండడు. పోలీసు చర్య అయిన కొద్దికాలానికే పోయిన రాజావారి ఫోటో మా బడి గోడకు ఇంకా వేలాడుతూ ఉండేది. దాని కింద నిలబడి భీమయ్య ఈల ఊదుతుంటే, ఫోటోలో ముక్కూ అతని ముక్కూ ఒకటే కావడం చూసి నాకు ఒళ్ళు మండేది. రాజావారికి రాణిగారి వల్ల పిల్లలు లేరు.

భీమయ్యకు ఆలంపూరు దగ్గరి పల్లెలో పిల్ల కుదిరింది. అక్కడి పెళ్ళిళ్ళలో తాళి కట్టే ముందు రెండు వైపులా మూడు తరాల పేర్లు పందిట్లో గట్టిగా చెప్పాలి. ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని. పిల్ల తరఫున చెప్పడానికి మేనమామ ఉన్నాడు. భీమయ్య తరఫున చెప్పడానికి ఏముంది? నన్ను తోడు తీసుకుని పరాకాయన ఇంటికి వెళ్ళాడు.

ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. భీమయ్య కింద నిలబడ్డాడు.

"తాతా, నా పెండ్లికి వచ్చి నాలుగు పేర్లు చెప్పాలె."

"ఎవరియి?"

"నీకెరికే గద."

పటికబెల్లం ముక్కను ఒక దవడలోంచి ఇంకో దవడలోకి మార్చుకున్నాడు ఆయన. "నువ్వు నా దాంట్ల లెవ్వు నాయనా" అన్నాడు.

ఉప్పు డబ్బాకు వాడిన మాటే మనిషికీ వాడాడు. నేను ఉండబట్టలేక, మూడుసార్లు ఎవరి బిడ్డలనో తెచ్చి కూర్చోబెట్టిన వంశంలో కన్నబిడ్డకు చోటు లేదా అని గట్టిగానే అడిగాను. "వాండ్లకు తలపాగ చుట్టిండ్రు పంతులూ. చుట్టినోళ్ళ పేరు చెప్పుడు నా పని. చుట్టుడు నా పని గాదు" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నాడు.

తిరిగి వస్తూ నేను భీమయ్యను కోప్పడ్డాను. ఆ పాడుబడ్డ కోట పేరు నీకెందుకు, ఎవరికి కావాలి ఆ పగటి దివిటీలు అన్నాను.

"నాకు కోట వద్దు సార్. బిరుదులు అసలే వద్దు" అన్నాడు భీమయ్య. "మా అమ్మను ఇన్నొద్దులు కోట మనిషి అన్నరు. ఫలాన ఆయన బిడ్డకు తల్లి అని ఎవ్వరు అనలే. నలుగుర్ల ఒక్కపారి ఆ మాట ఆమె చెవులవడాలె. ఆయన చెప్తే ఊరు నమ్ముతది. నేను చెప్తే నవ్వుతది."



మర్నాడు పొద్దున మల్లమ్మ వచ్చింది. కోటలో ఏ వేడుక జరిగినా ఈయన వంశం చెప్పబోయే ముందు గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఇచ్చేది ఆవిడే. ఆ పరిచయంతో వచ్చి అరుగు కింద కూర్చుంది. ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ అడగలేదు. నేను బడికి వెళ్ళేటప్పుడు కూర్చునే ఉంది, మధ్యాహ్నం వచ్చేసరికీ అలాగే ఉంది. ఆయన ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాడు. ఆవిడ లేచి వెళ్ళిపోయాక ఆ జాగా వంక చూస్తూ నిలబడ్డాడు.

పెళ్ళికి వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. పెద్ద వేడుకలకే కట్టే జరీ అంచు పంచె కట్టుకుని పందిరి ముందు దిగేసరికి జనం లేచి నిలబడ్డారు. భీమయ్య మొహం చూడాలి ఆ రోజు. మల్లమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చున్నదల్లా లేచి వెళ్ళి, ఎప్పటిలాగే గ్లాసుతో వెచ్చటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు.

పిల్ల తరఫువాళ్ళు మూడు పేర్లు చెప్పి కూర్చున్నారు. ఈయన లేచి ఎడమచెయ్యి చెవికి ఆనించుకున్నాడు. మూడు తరాలు చెబితే చాలు. ఈయన రేవు కాపలావాడి దగ్గర మొదలుపెట్టాడు. పదకొండు తరాలు, ఒక్క పేరు తడబడకుండా, ఒక్క బిరుదు వదలకుండా వస్తున్నాడు. దొరలంటే మండిపడే నాకు కూడా ఒళ్ళు జలదరించింది, దాచడం దేనికి. చివరికి మొన్న మొన్న పోయిన రాజావారి పేరు వచ్చింది. బిరుదులు వచ్చాయి.

"ఆ రాజావారికి" అన్నాడు. అని ఆగిపోయాడు.

ఆయన నోరు తెరిచే ఉంది. భీమయ్య తల వంచుకుని ఎదురు చూస్తున్నాడు. అప్పుడు ఆడవాళ్ళలోంచి, కోటలో పాతికేళ్ళుగా ఒక్క మాట పైకి అని ఎరగని మల్లమ్మ గొంతు వినిపించింది.

"ఆ రాజుకు, నా కడుపుల పుట్టినోడు, భీమయ్య."

ఇప్పుడు ఆయన పరాక్ అనాలి. ఆ ఒక్క మాట అంటే ఆవిడ చెప్పింది నిజమైపోతుంది. అందరూ ఆయన వంకే చూశారు. ఆయన పెదవులు తువ్వాలతో తుడుచుకుని కూర్చున్నాడు. పిల్ల తండ్రి మంచివాడు. "తల్లికన్న ఎవలికెరిక. కట్టు నాయనా తాళి" అన్నాడు. తాళి కట్టించారు. ఆయన భోజనానికి ఉండకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గోడమీంచి నేను నిలదీశాను. ఆయన చేతులు చూసుకుంటూ, "మాట వచ్చింది పంతులూ. పండ్ల దాక వచ్చి నిలవడ్డది" అన్నాడు.

ఊరు నవ్వింది. ఆడబాప తనకు తానే పట్టం కట్టుకుందని అంగట్లో చెప్పుకున్నారు. మల్లమ్మ ఇల్లు కదిలి బయటికి రావడం మానేసింది. పరాకాయన నోరు మూసుకుంటే సరిపోయేది, వచ్చి సగం చెప్పి ఆవిడ పరువు తీసిపోయాడని నేను స్టాఫ్ రూములో అరిచాను. భీమయ్య మాత్రం ఆయన్ను ఒక్క మాట అనలేదు. వచ్చాడు కదా సార్ అన్నాడు.

అసలు సంగతి దసరాకు వచ్చింది. బిరుదులను సర్కారు పట్టించుకోవడం మానేసినా ఊరు మానలేదు, కోట అసలే మానలేదు. రాణిగారు తన తమ్ముడి కొడుకును దత్తత తీసుకుని తలపాగా చుట్టించే ఏర్పాటు చేశారు. వంశం చెప్పాలని పరాకాయనకు కబురు వచ్చింది. పెళ్ళి గురించి ఆవిడ ఒక్క మాట అడగలేదట. అడగనక్కర్లేదు. దత్తుడి పేరు చెప్పే ముందు ఆయన ఏమనాలో ఇద్దరికీ తెలుసు. ఆ రాజావారికి ఔరసులు లేక. అది ఆయన నోట వస్తే మల్లమ్మ చెప్పింది అబద్ధమని ఊరి ముందు తేలిపోతుంది.

నేనూ వెళ్ళాను చూడటానికి. కోట హాలు నిండా జనం. పిల్లవాడికి తలపాగా చుట్టారు. ఆయన లేచి నిలబడి, చెయ్యి చెవికి ఆనించి, నోరు తెరిచాడు. గాలి వచ్చింది కాని మాట రాలేదు. ఇంకోసారి తెరిచాడు. మళ్ళీ గాలే. మెడ పట్టుకుని కూర్చుండిపోయాడు. రాణిగారు స్వయంగా లేచి నిలబడి హకీమును పిలిపించమన్నారు. బ్యాండు మేళం గట్టిగా వాయించి తంతు కానిచ్చేశారు.

ఆ రోజు నుంచి ఆయన గుసగుసగా తప్ప మాట్లాడలేదు. పొద్దున పెరట్లో కేకలు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు నిద్ర లేవడం కష్టమైంది. కోటవాళ్ళు ఆయనకు ఇచ్చే గింజలు ఆపలేదు, పైగా పాపం అని రెండు కుంచాలు ఎక్కువే పంపేవారు. ఆయన మెడ తువ్వాల తీసేశాడు. ఒకరోజు అరుగుమీద కూర్చుని పచ్చిమామిడికాయ ఉప్పు అద్దుకుని తింటుంటే చూశాను. జన్మలో పులుపు ముట్టని మనిషి కళ్ళు మూసుకుని, వెంట వెంటనే ముక్కలు నోట్లో వేసుకుంటున్నాడు. నన్ను చూసి, "ఇగ దేనికి కాపాడాలె పంతులూ" అని గుసగుసలాడాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ నమ్మాను మరి.

మల్లమ్మ కూడా నమ్మింది. అది మామూలుగా నమ్మడం కాదు. తన నోటి పాపం తగిలే ఆయన గొంతు పోయిందని నమ్మింది. ఆడది పందిట్లో నోరెత్తి పెద్దమనిషి మాటకు అడ్డం పడ్డానని, వంశం చెప్పే నోటికి శాపం తగిలిందని కుమిలిపోయేది. రోజూ పొద్దున్నే మిరియాలు, అడ్డసరం ఆకు వేసి కషాయం కాచి కోడలి చేత చెంబుతో పంపేది. ఆ పిల్ల ఎదురుగానే నిలబడేది, ఖాళీ చెంబు తీసుకుపోవడానికి. ఆయన తాగి ఇచ్చేవాడు.

అలా ఒక ఏడాది పైనే గడిచింది. జొన్న పైరు మనిషెత్తు పెరిగిన రోజుల్లో నేను పొరుగూరికి అడ్డదారిన పోతున్నాను. చేను లోపల్నుంచి కేక వినిపించింది. రేవుగండ అంటోంది. నేను నిలబడిపోయాను. పదకొండు తరాలూ ఆ చేన్లోంచి ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. గొంతు గీరుకుపోలేదు, చిట్లలేదు, పులుపు తిన్న జాడ కూడా లేదు. రాజావారి పేరు వచ్చింది. ఈసారి ఆగలేదు.

"ఆ రాజావారికి ఔరసుడు, మల్లమ్మ కడుపున పుట్టిన భీమయ్య, సవాయి, బహద్దూర్, పరాక్."

కంకులు తోసుకుంటూ లోపలికి వెళ్ళాను. ఆయన ఉలిక్కిపడలేదు. సిగ్గుపడలేదు. "రోజు అనకపోతే మర్చిపోత పంతులూ" అన్నాడు, నిండు గొంతుతో.

"అయితే గొంతు పోలేదన్న మాట."

"పోలే."

"మరి ఈ నాటకం ఏమిటి?"

"కోటల ఔరసులు లేరు అనాలె. అది అబద్దం. మా ఇంట్ల ఎవ్వడు అబద్దం చెప్పలే. పెండ్లిల నిజం చెప్పాల్సుండె. చెప్తే తెల్లారి కోట ఇడిచి పోవాలె. కోట లేకపోతే నేనెవన్ని? గీ ముసలితనంల ఎక్కడికి పోత?"

"మల్లమ్మ తన పాపమే అనుకుని ఏడుస్తోంది. రోజూ కషాయం పంపుతోంది. తెలుసా నీకు?"

ఆయన జొన్న ఆకు ఒకటి తుంచి చేతిలో నలిపాడు. "తాగుతున్న గద" అన్నాడు. "శానా చేదుంటది పంతులూ. అయిన తాగుతున్న."

ఆ మాటకు నేను ఆయన్ను కొట్టవలసింది. కొట్టలేదు. నాకంటే పెద్దవాడని కాదు, అప్పుడు ఆయన మొహం చూస్తే చెయ్యి లేవలేదు. ఎవరికీ చెప్పకని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఆ సాయంత్రమే ఊరంతా చాటింపు వేసి ఉండేవాణ్ణి. అడగలేదు కనక భీమయ్యకు ఒక్కడికే చెప్పాను.

భీమయ్య బడి వెనకాల గోడకు ఆనుకుని విన్నాడు. తనను సవాయి, బహద్దూర్ అని పిలిచాడని చెప్పినా మొహంలో ఏమీ కదలలేదు.

"జొన్న చేనుకు చెప్తే ఏం ఫాయిదా సార్. మనుషులున్న జాగల చెప్పాలె."

"మీ అమ్మకైనా చెప్పు. ఆయన గొంతు బాగానే ఉందని. ఆమె ఏడుపైనా ఆగుతుంది."

"చెప్పను సార్. ఇప్పుడు తన వల్ల గొంతు పోయిందని ఏడుస్తున్నది. గొంతుండి గూడ తన కోసం చెప్పలేదని తెలిస్తే బతకది" అన్నాడు.

అతను చెప్పింది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కషాయం వెళుతూనే ఉంది. నేను నా గది కిటికీలోంచి ఆ చెంబు వెళ్ళడం, ఖాళీగా రావడం చూస్తూ ఉండేవాణ్ణి. ఆయనతో మాట్లాడటం మానేశాను. ఎదురుపడితే ఆయనే నమస్కారం పెట్టేవాడు. తర్వాత నాకు నల్లగొండకు బదిలీ అయింది. మల్లమ్మ పోయిన సంగతి అటువైపు నుంచి వచ్చిన ఒక పంతులు చెబితే తెలిసింది.

మొన్న ఆదివారం భీమయ్యను బలవంతాన కూర్చోబెట్టి, ఎలా పోయాడని అడిగాను. మా ఆవిడ టీ తెచ్చి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"నాలుగొద్దుల సంది అన్నం ముట్టలే సార్. ఆ పొద్దు మంచం అరుగు మీద ఎయ్యమన్నడు. నన్ను పిలిపిచ్చిండు. వాడకట్టు వాండ్లను పిలిపిచ్చిండు. కోటకు గూడ కబురు పెట్టిండు, అక్కడి గుమస్తా వచ్చి నిలవడ్డడు. తనను లేపి కూసోబెట్టమన్నడు, కూసోబెట్టిన. చెవుకు చెయ్యి పెట్టుకుండు. ఏం గుసగుస పెడ్తడో అని అందరం దగ్గరికి వంగినం."

"గొంతు వచ్చింది" అన్నాను నేను.

"వచ్చింది సార్. అంగడి దాక ఇనవడ్డదట. దేవుడు మళ్ళ గొంతిచ్చిండని ఆడోళ్ళు మొక్కిండ్రు. మొత్తం చెప్పిండు. ఆగలే. ఔరసుడు, మల్లమ్మ కడుపున పుట్టిన భీమయ్య అన్నడు. గుమస్తా దిక్కు చూసుకుంటనే అన్నడు. పరాక్ అన్నడు. మాపటికి పాణం పోయింది."

"మరి ఇప్పుడు ఊళ్ళో ఏమంటున్నారు?"

"ఇప్పుడు అందరు నమ్ముతున్నరు సార్. ఎదురైతే జర పక్కకు జరిగి దారి ఇస్తున్నరు."

కావలసింది దొరికినవాడి మొహంలా లేదు అది. నేను ఏదో ఒకటి అనాలని, ఎంత ఆలస్యమైనా చివరికి చెప్పాడు కదా భీమయ్యా అన్నాను. ఆ మాట నాకే నచ్చలేదు. అతను టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"మా అమ్మ పొయ్యేటప్పుడు నేను పక్కనే ఉన్న సార్" అన్నాడు. "మాట సరిగ్గ వస్తలేదు ఆమెకు. నా చెయ్యి పట్టుకొని, పరాకాయనకు ఇయ్యాల కషాయం పంపిండ్రా అని అడిగింది. పంపినమని చెప్పిన."